విహార నౌకలో బాల్కనీ గది: అదనపు ఛార్జీకి తగిన ఫలం దక్కేనా?

సినిమా హాలులో నేల టిక్కెట్టు కొన్నవారికీ, బాల్కనీ టిక్కెట్టు కొన్నవారికీ కనిపించే బొమ్మ ఒక్కటే. విహార నౌకలోనూ పరిస్థితి దాదాపు అంతే. అతి ఖరీదైన కొన్ని గదులవారికి ప్రత్యేక మర్యాదలు ఉండవచ్చుగాని, మిగిలిన ప్రయాణికులందరికీ భోజనశాల, ఈత కొలను, రాత్రివేళ వినోద ప్రదర్శన, నౌక ఆగే రేవులు సాధారణంగా ఒక్కటే. తేడా అంతా పడుకునే గదిలోనే ఉంది. అయినప్పటికీ కిటికీ లేని లోపలి గదికీ, సముద్రం వైపు తలుపు తెరుచుకునే బాల్కనీ గదికీ ఛార్జీలో వ్యత్యాసం తక్కువేమీ కాదు. పదవీ విరమణ సొమ్ములోంచి కొంత తీసి, జీవితంలో ఒక్కసారైనా ఓడ ఎక్కాలని ఆశపడే మధ్యతరగతి దంపతులకు ఈ వ్యత్యాసం పెద్ద సమస్యే.

కొంతకాలం క్రితం వరకు ఈ ప్రశ్న విదేశాలకు వెళ్లేవారికే పరిమితం. ఇప్పుడది మన తీరానికీ చేరింది. 2021 సెప్టెంబరులో కార్డీలియా సంస్థ 'ఎంప్రెస్' నౌకతో ముంబాయి నుంచి విహార యాత్రలు ప్రారంభించింది. 2022 జూన్‌లో అదే నౌక విశాఖపట్నం వచ్చి, ఇక్కడి ప్రయాణికులను పుదుచ్చేరి, చెన్నై వైపు తీసుకువెళ్లింది. విశాఖ రేవులో ప్రత్యేక విహార నౌకా టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. అయిదేళ్లలో విహార నౌకా ప్రయాణికుల సంఖ్యను రెట్టింపు చేయాలన్న లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరు 30న 'క్రూజ్ భారత్ మిషన్'కు శ్రీకారం చుట్టింది.

ఒకప్పుడు కుబేరుల భోగం

నౌకలో సొంత వరండా అనేది ఒకప్పుడు కోటీశ్వరులకే దక్కిన సౌకర్యం. 1912లో మునిగిపోయిన టైటానిక్‌లో సొంత విహార ప్రాంగణం ఉన్న విలాస నివాసాలు రెండే రెండు. 1984లో నీటిలోకి వచ్చిన 'రాయల్ ప్రిన్సెస్'లో గదులన్నింటినీ సముద్రం వైపే నిర్మించి, వాటిలో అనేకం బాల్కనీలతో అమర్చారు. 1998లో లక్షా 9 వేల టన్నుల 'గ్రాండ్ ప్రిన్సెస్' వచ్చేసరికి సగానికి పైగా గదులకు బాల్కనీ ఏర్పడింది. ఆ తరువాత నిర్మించిన భారీ నౌకలలో బాల్కనీ గదులదే పైచేయి. ఒకే నౌకను, ఒకే యాత్రను రకరకాల ధరలకు అమ్ముకునే వెసులుబాటు కంపెనీలకు దీనివల్ల లభించింది.

'ఎంప్రెస్' మాత్రం 1990లో ఫ్రాన్సులో తయారైన నౌక. అందులో లోపలి గదులు, కిటికీ గదులే అధికం. బాల్కనీ ఉన్నవి కొద్దిపాటివే. తక్కువగా ఉన్న సరుకుకు గిరాకీ ఎక్కువ కావడం వ్యాపార సహజం.

లెక్క ఇలా వేసుకోవాలి

ప్రకటనలలో కనిపించే ఛార్జీ సాధారణంగా ఇద్దరు ఒక గదిలో ఉంటారన్న లెక్కతో తలకు చెప్పేది. పన్నులు, రేవు రుసుములు అదనం. కనుక బాల్కనీకి తలకు 20 వేల రూపాయలు అదనమైతే, దంపతులకు పడే భారం 40 వేలు. ఈ అదనపు సొమ్మును నౌక నడిచే మొత్తం గంటలతో కాక, బాల్కనీలో కూర్చోగల గంటలతో భాగించి చూడాలి.

ఉదాహరణకు రెండు రాత్రుల యాత్ర తీసుకుందాం. నౌక సాయంకాలం బయలుదేరుతుంది. కాసేపటికే చీకటి పడుతుంది. నడిసముద్రంలో రాత్రివేళ కనిపించేది చీకటే. మరునాడు మధ్యాహ్నపు ఎండలో, ఉక్కపోతలో ఆరుబయట కూర్చోవడం మన అక్షాంశాలలో కష్టం. ఉదయం, సాయంత్రం కలిపి ఎనిమిది గంటలు బాల్కనీలో గడిపితే గొప్పే. 40 వేలను ఎనిమిదితో భాగిస్తే గంటకు 5 వేల రూపాయలు! అదే గాలి, అదే సూర్యోదయం పై అంతస్తు డెక్ మీద అదనపు రుసుము లేకుండానే లభిస్తాయి.

నార్వే ఫియర్డులు, అలాస్కా హిమనదాల యాత్రల సంగతి వేరు. అక్కడ కొండలు, జలపాతాలు, మంచు గుట్టలు నౌకకు దగ్గరగా, గంటల తరబడి సాగిపోతాయి. వేసవిలో పగలు సుదీర్ఘం. ఆర్కిటిక్ వలయం దాటితే నడివేసవిలో సూర్యుడు అస్తమించడు. డెక్ మీద చలిగాలిలో నిలబడలేనివారు దుప్పటి కప్పుకొని సొంత బాల్కనీ నుంచే ఆ దృశ్యాలను తిలకించవచ్చు. వారం రోజుల యాత్రలో 40 గంటలు అలా గడిపే దంపతులకు అదనపు ఖర్చు లక్షా 20 వేలు అయినా గంటకు పడేది 3 వేలే. అంటే ఎక్కువ ఖర్చయిన బాల్కనీయే చౌక అయ్యే సందర్భాలూ ఉన్నాయి.

ఏ వైపు? ఏ అంతస్తు?

బాల్కనీ తీసుకోదలచినవారు ముందుగా నౌక ఏ దిక్కుకు సాగుతుందో చూసుకోవాలి. విశాఖ నుంచి దక్షిణంగా సాగే నౌకకు కుడివైపు తీరం, ఎడమవైపు సముద్రం. సూర్యోదయం చూడాలంటే ఎడమవైపు గది కావాలి. ముంబాయి నుంచి గోవాకు వెళ్లేటప్పుడు అరేబియా సముద్రంలో సూర్యాస్తమయం కుడివైపు గదులకు దక్కుతుంది. తిరుగు ప్రయాణంలో ఇవన్నీ తారుమారవుతాయి. ఇండియాకు వచ్చే తెల్లదొరలు నీడ పట్టు కోసం వెళ్లేటప్పుడు ఎడమవైపు, వచ్చేటప్పుడు కుడివైపు గదులు కోరేవారనీ, ఆ నాలుగు ఆంగ్ల పదాల మొదటి అక్షరాలే 'పాష్' అన్న మాటగా మారాయనీ ఒక కథ ప్రచారంలో ఉంది. దానికి ఆధారం లేదని నిఘంటుకర్తలు కొట్టివేసినా, ఎండ ఎటు పడుతుందన్న ఆలోచన మాత్రం సమంజసమే.

బాల్కనీ గదులు సాధారణంగా పై అంతస్తులలో ఉంటాయి. ఎత్తు పెరిగేకొద్దీ నౌక పక్కలకు ఊగే ఊపు ఎక్కువగా తెలుస్తుంది. ముందు, వెనుక కొసలలో పైకీ కిందికీ లేచిపడే కదలిక ఎక్కువ. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారికి కింది అంతస్తులో, నౌక నడిమి భాగంలో ఉన్న గది మేలు. బలమైన గాలులు వీచేటప్పుడు బాల్కనీ తలుపులు తెరవవద్దని సిబ్బంది హెచ్చరిస్తారు. ప్రాణరక్షక పడవలు చూపునకు అడ్డువచ్చే గదులూ కొన్ని ఉంటాయి. కాబట్టి డబ్బు కట్టకముందే నౌక పటంలో గది సంఖ్యను సరిచూసుకోవాలి.

భద్రత విషయమూ విస్మరించరానిది. 2006 మార్చి 23న కరీబియన్ సముద్రంలో 'స్టార్ ప్రిన్సెస్' నౌక బాల్కనీలో నిప్పు రాజుకొని, ప్లాస్టిక్ అడ్డుతెరల మీదుగా బాల్కనీ నుంచి బాల్కనీకి పాకింది. ఒక ప్రయాణికుడు మరణించాడు. ఆర్పకుండా వదిలిన సిగరెట్టు ముక్కే కారణం కావచ్చునని దర్యాప్తులో తేలింది. ఆ తరువాతే బాల్కనీల అగ్నిభద్రతకు అంతర్జాతీయ నిబంధనలను కఠినతరం చేశారు.

యోకహామా నేర్పిన పాఠం

బాల్కనీ విలువను రూపాయలలో కొలవలేని సందర్భం 2020 ఫిబ్రవరిలో ఎదురైంది. కరోనా సోకిన 'డైమండ్ ప్రిన్సెస్' నౌకను జపాన్‌లోని యోకహామా రేవులో నిలిపివేసినప్పుడు అందులో 3,711 మంది ఉన్నారు. ప్రయాణికులను రెండు వారాల పాటు గదులకే పరిమితం చేశారు. బాల్కనీ ఉన్నవారికి వెలుతురు, గాలి అందాయి. కిటికీ లేని గదులవారు తమ వంతు వచ్చినప్పుడు కొద్దిసేపు డెక్ మీదికి వెళ్లి ఊపిరి పీల్చుకున్నారు. చివరకు 700 మందికి పైగా వ్యాధి సోకింది. నౌకలోని 138 మంది భారతీయులలో 132 మంది సిబ్బందే. గదులలో ఉన్నవారికి భోజనం అందించే పనిలో ఉన్న ఆ సిబ్బందికి బాల్కనీ ప్రసక్తే లేదు. ఇరుకు గదులను పంచుకుని ఉండవలసి వచ్చింది.

అటువంటి ఆపద మరల వస్తుందన్న భయంతో ఎవరూ గదిని ఎంచుకోనక్కరలేదు. కాని గదిలో ఎక్కువ సమయం గడపక తప్పనివారికి, అంటే నడవలేని వృద్ధులకు, జనసమ్మర్దం పడనివారికి, మూసిన గదిలో ఊపిరాడనట్లు అనిపించేవారికి బాల్కనీ విలాసం కాదు, అవసరం. ఆరోగ్యంగా తిరగగలిగి, రెండు మూడు రోజులకే వెళ్లేవారికి లోపలి గదిగాని, వెలుతురు కావాలంటే కిటికీ గదిగాని సరిపోతుంది. నలుగురున్న కుటుంబం ఇరుకైన ఒకే బాల్కనీ గదిలో సర్దుకోవడం కంటే, ధరలు పోల్చి చూసుకుని రెండు లోపలి గదులు తీసుకోవడమే సుఖం. మిగిలిన సొమ్ముతో యాత్రను మరొక రోజు పొడిగించుకునే వీలుంటే, సముద్రాన్ని చూడటానికి ఆ రోజే ఎక్కువ ఉపయోగపడుతుంది.