లేని మేడకు నీడ

ఇటలీ దేశంలో ఫ్లారెన్సు అనే నగరం ఉంది. సుమారు 600 ఏళ్ళ క్రితం అక్కడ ఫిలిప్పో బ్రునెలెస్కీ అనే మేధావి ఉండేవాడు. ఆ నగరంలోని పెద్ద చర్చికి గుమ్మటం కట్టినవాడు ఆయనే. ఆయన ఒకసారి విచిత్రమైన పని చేశాడు. చర్చి వాకిట్లో నిలబడితే ఎదురుగా ఎనిమిది మూలల మందిరం ఒకటి కనిపిస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు ఒక చిన్న పలక మీద చిత్రించి, పలకకు చిల్లి పెట్టాడు. చూసేవాడు అదే వాకిట్లో నిలబడి, పలక వెనకనుంచి చిల్లికి కన్ను ఆనించి, రెండో చేత్తో ఎదురుగా అద్దం పట్టుకోవాలి. అద్దంలో బొమ్మ కనిపిస్తుంది. అద్దం తీసేస్తే అసలు మందిరం కనిపిస్తుంది. రెండూ ఒకటే అనిపించేవట!

మరి ఆకాశం మాటేమిటి? దాన్ని ఆయన రంగులతో వెయ్యలేదు. అక్కడ మెరుగు పెట్టిన వెండి అమర్చాడు. నిజమైన ఆకాశం అందులో ప్రతిఫలించి, గాలికి కదిలే మబ్బులు బొమ్మలో కూడా కదిలాయి!

బ్రునెలెస్కీ చిత్రించినది ఉన్న కట్టడాన్నే. ఇంకా కట్టని మేడను ఉన్న వీధిలో నిలబెట్టటం మరో విద్య. 1921లో మీస్ వాన్ డెర్ రో అనే ఆయన బెర్లినులో గాజు మేడ కట్టాలని తలపెట్టి, అక్కడి వీధి ఫోటోలో తన మేడ బొమ్మను ఇమిడ్చి చూపాడు. ఆ మేడ కట్టనే లేదు. బొమ్మ మాత్రం ప్రసిద్ధికెక్కింది. ఇప్పుడీ పని కంప్యూటరుతో చేస్తున్నారు.

బొమ్మ అతికించటం ఎవరికైనా చేతనవుతుంది. కన్ను నమ్మేటట్టు అతికించటమే కష్టం. రేపు బడికి వెళ్ళేటప్పుడు ఒక పరీక్ష చేసి చూడండి. ఎత్తుపల్లాలు లేని రోడ్డు మీద నిలబడి, మీ అంత ఎత్తున్న పిల్లలను గమనించండి. దగ్గరివాడు పెద్దగానూ, దూరంవాడు చిన్నగానూ కనిపిస్తారు. అయినా అందరి కళ్ళూ ఒకే గీత మీద ఉంటాయి! దూరంవాడి కాళ్ళు పైకి వస్తాయే గాని, కళ్ళు కిందికి దిగవు. నేలా ఆకాశమూ కలిసినట్టుండే దిగంతం కూడా ఆ గీత మీదనే ఉంటుంది. మీరు డాబా ఎక్కితే ఆ గీత కూడా మీతోబాటు ఎక్కుతుంది. అందుచేత 5 అడుగుల ఎత్తునుంచి తీసిన ఫోటోలో, 20 అడుగుల ఎత్తునుంచి చూసినట్టు గీసిన మేడను పెడితే, అది నేల మీద నిలబడినట్టే ఉండదు.

తరవాత నీడ. లండనులో 10 మీటర్ల స్తంభానికి జూన్ నెలాఖరున మిట్టమధ్యాహ్నం 5 మీటర్ల పైచిలుకు నీడ పడుతుంది. డిసెంబరు నెలాఖరున అదే స్తంభానికి 37 మీటర్ల నీడ! కనక ఫోటో ఏ రోజున, ఏ గంటకు తీశారో తెలియాలి. పైగా కొత్త మేడ నీడ పాత ఇళ్ళ మీద కూడా పడాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. దూరపు కొండలు లేతనీలంగా కనిపిస్తాయి గదా, దూరంగా ఉన్న మేడ రంగు కూడా అలాగే వెలవెలబోవాలి.

ఇంత శ్రమ దేనికి? లండనులో సెయింట్ పాల్ చర్చి గుమ్మటం కొన్ని చోట్లనుంచి మరుగుపడకుండా కనిపించాలని నియమం ఉంది. ఎత్తయిన మేడ కట్టదలచినవారు ఆ చోట్లనుంచి ఫోటోలు తీసి, అందులో మేడను చూపాలి. కెమేరా నిలిపిన చోటూ, దాని ఎత్తూ కొలిచి రాసి ఉంచుతారు. కెమేరాను వెనక్కు జరిపితే ఎంత పెద్ద మేడైనా ఫోటోలో చిన్నదైపోతుంది మరి!

మా వీధి చివర ఖాళీ స్థలంలో ఒకసారి కట్టబోయే మేడ బొమ్మ పెట్టారు. చక్కని బొమ్మ. అయితే స్థలం పక్కనున్న పెద్ద వేపచెట్టు అందులో లేదు. చిత్రకారుడు మరిచిపోయాడనుకున్నాం. ఆరు నెలలకు చెట్టు నిజంగానే లేకుండా పోయింది.

స్విట్జర్లాండులో బొమ్మను మాత్రమే నమ్ముకుని ఊరుకోరు. ఇల్లు కట్టబోయే స్థలంలో, ఆ ఇంటి ఎత్తుకు సరిపోయే గడలు ముందుగానే పాతుతారు. గోడలు ఎంతవరకు లేస్తాయో, కప్పు ఎటు వాలుతుందో ఆ గడలు చూపుతాయి. ఇరుగు పొరుగువారు వచ్చి చూసి, అభ్యంతరం ఉంటే అనుమతి ఇవ్వకముందే చెప్పుకుంటారు. ఎండ కాస్తే, గడల నీడ తమ పెరట్లోకి ఎంత దూరం వస్తుందో వారే అడుగులతో కొలుచుకోవచ్చు.