మగ్గం గుంటలో మోకాలు

ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 60 ఏళ్లకు వస్తుంది. నేత కార్మికులకు మాత్రం 50కే. మగ్గం మనిషిని పదేళ్లు ముందుగా ముసలివాణ్ణి చేస్తుందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఆ పదేళ్లు ఎక్కడ అరిగాయంటే ధర్మవరంలో నేసేవాళ్లు చూపించే చోట్లలో మోకాలు ఒకటి.

అక్కడ నేసేది పట్టు చీర. పెనుకొండ వైపు మల్బరీ ఆకు మేసిన పురుగు గూడు అల్లుకుంటుంది. ఆ గూళ్లు హిందూపురం మార్కెట్లో అమ్ముడవుతాయి. దారమై, మెలిక పడి, రంగేసుకునేదాకా పట్టుకు బరువే ఉండదు. మగ్గమెక్కాక తెలుస్తుంది దాని బరువు. చీర మీద పువ్వులు దింపే జాకార్డు అనే యంత్రం నేసేవాడి తల మీద ఉంటుంది, దాన్ని లేపే కాలు కింద గుంటలో ఉంటుంది.

నిజానికి జాకార్డు పుట్టింది ఒకరి బరువు దించడానికే. 18వ శతాబ్దంలో ఫ్రాన్సులోని లియోన్ పట్టు మగ్గాల మీద పువ్వు దిగాలంటే నేసేవాడి పక్కన ఇంకొకరు, తరచూ ఒక పిల్లవాడు, ఉండాల్సిందే. ఏ వరసకు ఏ పోగులు లేవాలో ఆ తాళ్లు వాడు లాగాలి, పొద్దస్తమానం. 1725లో బాసిల్ బూషాన్ ఆ వరసలను కాగితం మీద చిల్లులుగా పొడిచాడు. ఆ తర్వాత ఒకరిద్దరు దాన్ని మెరుగుపరిచారు. 1804 నాటికి జోసెఫ్ మరీ జాకార్డు వాటన్నిటినీ కలిపి పనిచేసే యంత్రంగా నిలబెట్టాడు.

కిటుకంతా చిల్లులు పొడిచిన అట్టలో ఉంది. అట్టకు చిల్లి ఉన్నచోట సూది అందులోకి దూరుతుంది, దాని కొక్కెం కదలకుండా నిలబడి, పైకి లేచే ఇనుప పట్టీకి తగులుకుంటుంది. చిల్లి లేనిచోట అట్ట సూదిని నెడుతుంది, కొక్కెం పక్కకు తప్పుకుంటుంది. తగులుకున్న పోగులు లేస్తాయి, తక్కినవి ఉండిపోతాయి. ఆ సందులోంచి నాడె పోతుంది. ఇంకో వరసకు ఇంకో అట్ట. ఈ అట్టల ఊహనే ఛార్లెస్ బ్యాబేజ్ తన లెక్కల యంత్రానికి తీసుకున్నాడు. కంప్యూటర్ల కథ చెప్పేవాళ్లు ఇక్కడ మగ్గాన్ని వదిలేసి ఆయన వెంట వెళ్లిపోతారు. మనం మగ్గం దగ్గరే ఉందాం.

తాళ్లు లాగే పిల్లవాడి పని పోయింది గానీ బరువు ఎక్కడికీ పోలేదు. కొక్కేలు, వాటికి వేలాడే తాళ్లు, తాళ్లు బిగువుగా నిలవడానికి కింద కట్టిన కడ్డీలు, ఇవన్నీ లేవాలి. లేపడమే కాదు, నాడె దాటేదాకా ఆపి పట్టాలి. ఆ భారం నేసేవాడి కాలిమీదికి వచ్చింది. చీర అయిదున్నర మీటర్లు, అంగుళానికి 60 పేక పోగులు అనుకుని లెక్కేయండి: ఒక్క చీరకు దాదాపు 13 వేల తొక్కుళ్లు. పోలియోతో కాలు సన్నబడినవాళ్లకు, మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లకు చేతుల్లో ఎంత పనితనమున్నా జాకార్డు మగ్గం దూరమయ్యేది ఇక్కడే.

జాకార్డును లేపే లిఫ్టింగ్ మిషన్ వచ్చి కూర్చున్నదీ ఇక్కడే. చూడ్డానికి గొప్పగా ఏమీ ఉండదు. ఒక చిన్న మోటారు, ఒక గేరు పెట్టె, జాకార్డు మీటను లాగే ఒక కడ్డీ లేదా తాడు. మన కరెంటుకు మామూలు మోటారు నిమిషానికి సుమారు 1,400 చుట్లు తిరుగుతుంది. మగ్గానికి అంత వేగం అక్కర్లేదు, బలం కావాలి. గేరు చేసే బేరం అదే: వేగం తగ్గించి బలం పెంచుతుంది. స్విచ్ నొక్కితే జాకార్డు లేస్తుంది, వదిలితే దిగుతుంది. మోటారు బదులు గాలి ఒత్తిడితో లేపేవీ ఉన్నాయి.

వృద్ధులకు ఆసరా పరికరాలిచ్చే పథకం, 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన జాబితాలో చేతికర్ర, వాకర్, వినికిడి యంత్రం, కళ్లజోడు, కట్టుడు పళ్లు, చక్రాల కుర్చీ ఉన్నాయి. లిఫ్టింగ్ మిషన్ లేదు. అది జౌళి శాఖ సరుకు. కేంద్రం మగ్గాల సామాన్లకు ఖర్చులో 90 శాతం భరించే పథకంలో మోటారు జాకార్డు పేరు కనిపిస్తుంది. ఒకటి సంక్షేమం, ఒకటి ఉత్పత్తి అని ఆఫీసులు విడదీసుకున్నాయి. నా మటుకు రెండూ అన్నదమ్ములే. చేతికర్ర మనిషిని వీధి చివరిదాకా నడిపిస్తుంది, ఈ మోటారు అతని పని దగ్గరికి తిరిగి తీసుకొస్తుంది.

తగవు లేకుండా పోలేదు. చేనేతకు కొన్ని రకాల బట్టలను కేటాయించిన 1985 చట్టం ప్రకారం, మరమగ్గం కానిదే చేతిమగ్గం. మరమగ్గాల మీద నేసిన చీరలు చేనేత పేరుతో అమ్ముడవుతున్నాయని ధర్మవరం నేతన్నలు ఎన్నోసార్లు రోడ్డెక్కారు. అలాంటి ఊళ్లో మగ్గానికి కరెంటు తీగ తగిలిస్తే అనుమానం రాకుండా ఉంటుందా? కానీ నాడె విసిరేది చెయ్యే, పోగును దగ్గరికి కొట్టేదీ చెయ్యే. మోటారు మోసేది మోకాలి వంతు మాత్రమే. నా అభ్యంతరం వేరే చోట ఉంది. కూలి చీరకు ఇంత అని కడతారు కాబట్టి కాలికి మిగిలిన ఓపిక విశ్రాంతిగా మారదు, ఇంకో చీరగా మారుతుంది. నడుము వంపు, కళ్ల మంట ఎప్పటిలాగే ఉంటాయి. వాటికి ఏ గేరూ లేదు.

కాలి తొక్కుడును పూర్తిగా ఊడదీయని మగ్గమైతే మధ్యాహ్నం కరెంటు పోయినా పని ఆగదు. నేసేవాడు లుంగీ సర్దుకుని, గుంటలో కాలు చాపి, పాత చెక్క మీద పాదం ఆనిస్తాడు.