లాంచీలో రోజూ తెరవాల్సిన మూత

నల్లగొండ, పాలమూరు అనగానే మెట్ట పొలాలు, ఎండిన బోర్లు గుర్తొస్తాయి. కానీ ఈ రెండు పాత జిల్లాలకూ దక్షిణాన చాలా మేర హద్దు కృష్ణ. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్, దానికి ఎగువన శ్రీశైలం కలిసి ఈ మెట్ట సీమ అంచున వందల చదరపు కిలోమీటర్ల నీటిని నిలిపాయి. నాగార్జునకొండ మ్యూజియం చూడాలంటే లాంచీ ఎక్కాల్సిందే. కొల్లాపూర్ దగ్గరి సోమశిల నుంచి అవతలి గట్టున ఉన్న సిద్ధేశ్వరానికి అడ్డంగా దాటాలంటే పడవే దిక్కు. 2024 నవంబరులో తెలంగాణ పర్యాటక సంస్థ సాగర్ నుంచి ఒకటి, సోమశిల నుంచి ఒకటి, శ్రీశైలానికి లాంచీ ప్రయాణాలు ప్రారంభించింది. సాగర్ నుంచి వెళ్లే దారి నల్లమల కొండల నడుమ నూరు కిలోమీటర్లకు పైనే. అక్కడ ఇంజను ఆగిపోతే పిలవడానికి మెకానిక్కు ఉండడు, చాలాచోట్ల ఒడ్డుకు రోడ్డే ఉండదు. కాబట్టి ఇంజనును కాపాడే అతి చౌకైన భాగం గురించి మాట్లాడుకోవాలి. అదే నది నీటిని వడకట్టి ఇంజనుకు పంపే స్ట్రైనర్, అందులోని జాలీ బుట్ట. అది మూసుకుపోయాక తెరవడం కాదు, మూసుకుపోకముందే వేళ ప్రకారం తెరిచి కడగాలి. కడిగినట్టు పుస్తకంలో రాయాలి.

బస్సు ఇంజనుకు ముందు రేడియేటర్ ఉంటుంది, గాలి దాన్ని చల్లారుస్తుంది. లాంచీ ఇంజను పడవ కడుపులో మూసిన గదిలో ఉంటుంది కాబట్టి గాలి చాలదు. చుట్టూ ఉన్న నీరే ఆ పని చెయ్యాలి. పడవ అడుగున ఉన్న రంధ్రం, దానిమీద ఒక వాల్వు, అక్కడినుంచి హోస్ పైపు, తర్వాత స్ట్రైనర్, దాని వెనక రబ్బరు ఇంపెల్లర్ తిరిగే పంపు, ఆపైన హీట్ ఎక్స్ఛేంజర్: నీరు నడిచే వరస ఇది. హీట్ ఎక్స్ఛేంజర్‌లో ఇంజను లోపల తిరిగే శుభ్రమైన నీరు ఒకవైపు, నది నీరు మరోవైపు పారతాయి. రెండూ కలవవు, వేడి మాత్రం చేతులు మారుతుంది. చివరికి చాలా ఇంజన్లలో ఆ నది నీరే పొగగొట్టంలో కలిసి దాన్నీ చల్లబరిచి బయట పడుతుంది. ఒక లీటరు డీజిల్ కాలినప్పుడు పుట్టే వేడిలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఈ నీరే మోసుకుపోవాలి. వంద లీటర్ల నీటిని ఇరవై డిగ్రీలకు పైగా వేడెక్కించేంత వేడి అది. బుట్ట మూసుకుపోతే ఆ వేడికి బయటికి దారి ఉండదు. నీళ్లు లేకుండా తిరిగిన రబ్బరు ఇంపెల్లర్ నిమిషాల్లో చినుగుతుంది. ఆ తర్వాత పొగగొట్టపు రబ్బరు మాడుతుంది, హెడ్ గాస్కెట్ పోతుంది, ఇంకా నడిపితే పిస్టన్లు పట్టేస్తాయి.

అన్ని పడవలకూ ఈ బుట్ట ఉండదు. పుట్టికి ఇంజనే లేదు. తోక మోటారు తగిలించిన నాటుపడవల్లో చాలావాటికి గాలితో చల్లారే ఇంజన్లుంటాయి. కొన్ని పెద్ద పడవల్లో ఇంజను నీరు పడవ అడుగున అమర్చిన పైపుల్లో తిరిగి చల్లబడుతుంది, నది నీరు లోపలికే రాదు. వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటారుకు నీరు పీల్చే చోట చిన్న జాలీ మాత్రమే ఉంటుంది. పక్కనుంచి సన్నని ధారగా నీరు పడుతోందా లేదా అని చూడటమే దాని పరీక్ష. మిగిలిన ఇన్‌బోర్డ్ ఇంజను లాంచీలకు ఈ మాట వర్తిస్తుంది. వాటి విషయంలో మన జలాశయాల తీరు ప్రత్యేకమైనది. సముద్రపు పడవల వాళ్లకు ఉప్పు, నత్తగుల్లలు శత్రువులు. ఇక్కడ శత్రువు కాలాన్ని బట్టి మారుతుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వరద కొమ్మలను, ఆకులను, చెత్తను తోసుకొస్తుంది. ఎండాకాలంలో మట్టం దిగితే పడవ బురద అడుగుకు దగ్గరవుతుంది, నిలిచిన నీటిలో నాచు పెరుగుతుంది. చేపల వేట సాగే చోట తెగిన నైలాన్ దారాలు, యాత్రికులు వచ్చే చోట పాలిథిన్ కవర్లు ఏడాది పొడవునా ఉంటాయి. ఇక కృష్ణ తెచ్చే ఒండ్రు సంగతి జలాశయాల లెక్కలే చెబుతాయి. కట్టినప్పుడు 408 టీఎంసీలు పట్టిన సాగర్ ఇప్పుడు 312 టీఎంసీలే పడుతుంది. 308 టీఎంసీల శ్రీశైలం సామర్థ్యం 215కు తగ్గింది. సన్నని ఒండ్రును బుట్ట ఆపలేదన్నది నిజమే. అది ఇంపెల్లర్‌ను అరగదీస్తుంది, హీట్ ఎక్స్ఛేంజర్ గొట్టాల్లో పేరుకుంటుంది. అందుకే బుట్ట కడిగితే అంతా అయిపోయినట్టు కాదు. కానీ బుట్టలో చేరిన బురద చూస్తేనే లోపలికి ఏం పోతోందో తెలుస్తుంది.

కడిగే పని కష్టమైనది కాదు, వరస తప్పకూడనిది. ముందు ఇంజను ఆపాలి. తర్వాత అడుగు వాల్వు పూర్తిగా మూయాలి. ఈ రెండో పని మరిస్తే ఏమవుతుందో లెక్క వేసి చూడొచ్చు. నీటిమట్టానికి రెండడుగుల కింద ఉన్న అంగుళం రంధ్రం గుండా నిమిషానికి సుమారు 60 లీటర్లు లోపలికి వస్తాయి. పది నిమిషాల్లో ఆరువందల కిలోలు, అంటే పదిమంది ప్రయాణికుల బరువు. స్ట్రైనర్ మూత నీటిమట్టానికి పైన ఉందన్న ధీమా కూడా పనికిరాదు, జనం ఎక్కితే పడవ దిగుతుంది. వాల్వు మూశాక మూత విప్పి, బుట్ట పైకి తీసి, మెత్తని బ్రష్‌తో బయటినుంచి లోపలికి కడగాలి. చిల్లులు, తుప్పు, వంకరలు చూడాలి. మూత కింది రబ్బరు ఓ రింగును తుడిచి సిలికాన్ గ్రీజు పలచగా పూయాలి. పగిలి ఉంటే మార్చాలి, ఎందుకంటే అక్కడ గాలి దూరితే పంపు నీటిని సరిగా లాగదు. బుట్టను సరైన గాడిలో కూర్చోబెట్టి, స్ట్రైనర్ గిన్నెను నీటితో నింపి, మూత బిగించాలి. ఆఖరున వాల్వు తెరవాలి. ఇది మరిచి ఇంజను వేస్తే కడిగిన ఫలితం కడగనిదానికంటే అన్యాయం. అందుకే ఇంజను వేయగానే మూత చుట్టూ కారుతోందా, పొగగొట్టం నుంచి నీరు పడుతోందా అని చూసిన తర్వాతే కట్టు విప్పాలి. వాల్వు పిడిని నెలల తరబడి కదపకపోతే బిగుసుకుపోతుంది. బుట్ట కడిగేటప్పుడు రోజూ తిప్పడం దానికీ మంచిదే.

దీనికి మొదటి అభ్యంతరం మెకానిక్కుల నుంచే వస్తుంది: వేడి చూపే మీటరు ఉంది, అలారం ఉంది, అది మోగినప్పుడు చూసుకోవచ్చు కదా అని. మీటరు చూపేది ఇంజను లోపలి నీటి వేడిని. నది నీరు ఆగిన క్షణానికీ ముల్లు ఎర్రగీత చేరే క్షణానికీ నడుమ వ్యవధి ఉంటుంది, ఆ వ్యవధిలోనే ఇంపెల్లర్ చినుగుతుంది. చినిగిన రబ్బరు ముక్కలు ముందుకు పోయి హీట్ ఎక్స్ఛేంజర్ మూతిలో ఇరుక్కుంటాయి. అప్పుడు బుట్ట కడిగినా, కొత్త ఇంపెల్లర్ వేసినా ఇంజను చల్లబడదు. జరిగిన నష్టాన్ని అలారం చెబుతుంది, జరగబోయేదాన్ని బుట్ట చెబుతుంది. ఈ తేడా నల్లగొండ బత్తాయి రైతుకు వివరించనక్కర్లేదు. డ్రిప్ ఫిల్టర్‌కు ముందూ వెనకా ఒత్తిడి తేడా పెరగగానే కడిగేవాడి తోట పచ్చగా ఉంటుంది. చెట్టు వాడాక ఫిల్టర్ విప్పేవాడు అప్పటికే మూసుకుపోయిన డ్రిప్పర్లను ఒక్కొక్కటే విప్పుకోవాలి.

రెండో అభ్యంతరం వేళది. సెలవురోజుల్లో, కార్తీకంలో జనం బారులు తీరి ఉంటే బుట్టలు కడుగుతూ కూర్చుంటామా అంటారు. అలవాటైన చేతికి ఇది పది నిమిషాల పని, అదీ ప్రయాణికులు రాకముందు పొద్దున చేసేది. వరద రోజుల్లో ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య ఒకసారి చూడాలి, పారదర్శకమైన గిన్నె ఉంటే విప్పకుండానే కనబడుతుంది. శ్రీశైలం లాంటి దూర ప్రయాణానికి జంట స్ట్రైనర్ అమర్చుకుంటే ఒకటి పనిచేస్తుండగా రెండోది కడగవచ్చు. ఊరికే మూసుకుపోతోందని బుట్టనే తీసి పక్కన పెట్టడం, రంధ్రాలు పెద్దవి చేయడం మాత్రం పరిష్కారం కాదు. అలా చేస్తే చెత్త మాయం కాదు, మరింత లోపలికి, మరింత ఖరీదైన చోటికి చేరుతుంది.

మూడో అభ్యంతరమే బరువైనది. 2007 జనవరిలో సింగోటం జాతర వేళ మంచాలకట్ట దగ్గర శ్రీశైలం నీటిలో పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర ఘోర పడవ ప్రమాదం జరిగింది. ఇలాంటి ప్రమాదాల తర్వాత చర్చ అంతా పరిమితికి మించి ఎక్కించడం, లైఫ్ జాకెట్లు, వరదలో అనుమతుల చుట్టూ తిరిగింది. అది న్యాయమే. వాటి ముందు జాలీ బుట్ట ఎంత అని అడగవచ్చు. ప్రాధాన్యంలో అది వాటి తర్వాతే. కానీ వేరే విషయం కాదు. ఇంజను ఆగిన పడవకు చుక్కాని పనిచేయదు. గాలి దాన్ని అడ్డంగా తిప్పుతుంది, భయపడ్డ జనం ఒకే పక్కకు జరుగుతారు. ఎక్కువ మంది ఎక్కిన పడవ ఒరిగేది అలాంటి వేళల్లోనే. నడుస్తున్న ఇంజను కూడా భద్రతా సామగ్రిలో భాగమే.

1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 ఇన్లాండ్ వెస్సెల్స్ చట్టం పడవల సర్వేను, రిజిస్ట్రేషన్‌ను, సిబ్బంది అర్హతలను తప్పనిసరి చేసింది. సర్వే ఎప్పుడో ఒకసారి జరుగుతుంది, బుట్టలోకి చెత్త రోజూ వస్తుంది. ఈ ఖాళీని పూడ్చేది సరంగు సంతకం ఉన్న ఒక నోటుపుస్తకమే: తేదీ, బుట్టలో ఏం దొరికింది, ఓ రింగు స్థితి, నడుస్తున్నప్పుడు ఇంజను వేడి. దానితోపాటు లాంచీలో ఒక ఇంపెల్లర్, ఒక ఓ రింగు, ఒక బుట్ట అదనంగా ఉండాలి. పర్యాటక సంస్థ తన లాంచీల్లో దీన్ని నియమం చేస్తే ప్రైవేటు పడవల యజమానులూ అనుసరిస్తారు. తనిఖీకి వచ్చే అధికారి లైఫ్ జాకెట్లు లెక్కపెట్టాక ఆ పుస్తకం కూడా అడగాలి, స్ట్రైనర్ మూత తన ఎదుటే విప్పించి చూడాలి.