భూతసంఖ్యలలో స్థానవిలువ: శాసన కాలనిర్ణయం

దశాంశ పద్ధతిలో అంకె విలువను దాని రూపంతోపాటు అది ఉన్న స్థానం కూడా నిర్ణయిస్తుంది. కుడి నుంచి ఎడమకు ఒక్కొక్క స్థానం జరిగిన కొద్దీ విలువ పది రెట్లవుతుంది. ఈ సూత్రం అంకెలకే పరిమితం కాదు. శాసనాలలో సంఖ్యలను పదాలతో సూచించే భూతసంఖ్యా పద్ధతికీ ఇదే ఆధారం.

తూర్పు చాళుక్య ప్రభువు రాజరాజనరేంద్రుని పట్టాభిషేక శక సంవత్సరాన్ని కోరుమిల్లి తామ్రశాసనం వేద, అంబురాశి, నిధి శబ్దాలతో తెలుపుతుంది. భూతసంఖ్యా సంప్రదాయంలో వేదం 4, సముద్రం 4, నిధి 9. ఈ పదాలను ఒకట్ల స్థానం నుంచి లెక్కించాలి. కాబట్టి మొదటి 4 విలువ నాలుగు, రెండవ 4 విలువ నలభై, 9 విలువ తొమ్మిది వందలు. మొత్తం శక సంవత్సరం 944, అనగా క్రీ.శ. 1022. పదాల వరుసనే అంకెల వరుసగా గ్రహిస్తే 449 వస్తుంది. కాలనిర్ణయం 495 ఏళ్లు వెనక్కి పోతుంది.

శూన్యం ఆవశ్యకతా ఇక్కడే స్పష్టమవుతుంది. ఇదే పద్ధతిలో 904ను చెప్పాలంటే వేద, నిధి శబ్దాల నడుమ గగనం వంటి శూన్యవాచకం ఉండాలి. లేకుంటే మిగిలేది 94 మాత్రమే. అందువల్ల శాసనపాఠంలో ఒక పదం చెరిగిపోయినప్పుడు, అది ఏ స్థానానికి చెందినదో తేల్చనిదే మిగిలిన పదాల విలువ నిశ్చయం కాదు.