కౌన్సెలింగ్ ఒక్కడికే ఎందుకు? ఇంట్లో అందరూ రండి!

"మావాడు మాట వినట్లేదు సార్, కొంచెం కౌన్సెలింగ్ ఇవ్వండి." మన దగ్గర కౌన్సెలింగ్ అంటే ఎక్కువగా ఇదే. ఒకర్ని లోపలికి పంపి, మిగతావాళ్లు బయట బెంచీ మీద కూర్చుంటారు. ఫ్యామిలీ థెరపిస్ట్ మాత్రం ఆ బెంచీ మీదున్నవాళ్లనీ లోపలికి పిలుస్తారు.

బోధన్ దగ్గర ఓ ఇల్లు అనుకుందాం. నాయిన దుబాయ్‌లో. కొడుకు నిజామాబాద్‌లో డిగ్రీ, రెండు సబ్జెక్టులు పోయినయ్. వీడియో కాల్ రాగానే అమ్మ "నువ్వే చెప్పు వీనికి" అని ఫోన్ కొడుకు చేతికిస్తది. నాయిన తిడతడు. కొడుకు ఫోన్ పెట్టేసి గదిలోకి పోతడు. అమ్మ అన్నం ప్లేటు పట్టుకుని వెనకే పోతది. వచ్చే వారం మళ్లీ సేమ్. అందరి లెక్కలో ప్రాబ్లమ్ కొడుకే. మా సాఫ్ట్‌వేర్‌లో అయితే ఎర్రర్ కనిపించే స్క్రీన్ ఒకటి, బగ్ ఉండే చోటు ఇంకొకటి.

ఇలా చూడటం నేర్పినవాళ్లలో పెద్ద పేరు సాల్వడార్ మినూచిన్. 1921లో అర్జెంటీనాలో పుట్టారు. 1930ల ఆర్థిక మాంద్యం ఆయన ఇంటిని పేదరికంలోకి నెట్టింది. బోధన్ వాళ్లకి ఇది దూరపు కథేం కాదు. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో లాకౌటైంది. జీతం ఆగితే ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందనే లెక్కా మారిపోతుంది.

డాక్టరయ్యాక మినూచిన్ న్యూయార్క్ రాష్ట్రంలోని విల్ట్‌విక్ స్కూల్‌లో, కేసుల్లో ఇరుక్కున్న పేదింటి పిల్లలతో పనిచేశారు. అక్కడ బాగుపడ్డ పిల్లలు ఇంటికెళ్తే మళ్లీ మొదటికొచ్చేవారు. దాంతో ఆయన టీమ్ కుటుంబాలనే పిలిచి కూర్చోబెట్టింది. ఆ అనుభవం 1967లో పుస్తకంగా వచ్చింది.

మన దేశంలోనూ 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్, రోగుల ఇంటివాళ్లని ఆవరణలోనే టెంట్లలో ఉంచి వైద్యంలో భాగం చేశారు.

మరి లోపల ఏం జరుగుతుంది? పంచాయితీలో తప్పెవరిదో తేలుస్తారు. ఇక్కడ తీర్పు ఉండదు. "నాకు కాదు, మీ అబ్బాయికే చెప్పండి" అంటారు థెరపిస్ట్. వాళ్లు మాట్లాడుకుంటుంటే ఎవరు అడ్డొస్తున్నారు, ఎవరు మౌనంగా ఉంటున్నారు అని చూస్తారు. అమ్మానాన్నల మధ్య ఇరుక్కున్న పిల్లాడి కుర్చీని పక్కకి జరిపిస్తారు. మనం అనుకున్న ఇంట్లో అయితే అమ్మానాయిన ఇద్దరే మాట్లాడుకునే కాల్ ఒకటి, మార్కుల ఊసెత్తకుండా నాయినా కొడుకూ మాట్లాడుకునే కాల్ ఒకటి పెట్టుకోమనొచ్చు. అమ్మకి మధ్యవర్తి డ్యూటీ తప్పుతుంది.

కానీ ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే అందర్నీ కలిపి కూర్చోబెట్టడం ప్రమాదం. అక్కడ నిజం చెప్పినందుకు ఇంటికెళ్లాక దెబ్బలు పడొచ్చు. అలాంటప్పుడు ముందు భద్రత: మహిళలకు 181, పిల్లలకు 1098.

ఎవరి దగ్గరికెళ్లినా ఏం చదివారు, ఎక్కడ ట్రైనింగ్ అయ్యారు అని అడగండి, మొహమాటం వద్దు. క్లినికల్ సైకాలజిస్ట్‌కి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈ వారం మీ ఇంటి వీడియో కాల్‌లో ఫోన్ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోతుందో ఓసారి గమనించండి.