కాఫీకి పేరొచ్చింది... మరి చోళ్లకో?

అరకు అనగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది కాఫీ. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా దక్కింది. అవే కొండల మీద తరతరాలుగా పండుతున్న చోళ్లు (రాగులు), సామలు, వలిసెలు, పసుపు మాత్రం ఊరూపేరూ లేకుండానే సంతకు వస్తున్నాయి. ఎందుకలా?

ఘాట్‌రోడ్డెక్కి అనంతగిరి చేరేసరికి సిల్వర్‌ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ మానుల్ని అల్లుకున్న మిరియాల పాదులు మొదలవుతాయి. దారి పొడవునా కొట్ల మీద ‘అరకు కాఫీ’ బోర్డులే. పొట్లంలో ఉన్నది నిజంగా ఈ కొండ గింజేనా? కాకపోతే నిలదీయడానికి చట్టం అండ దొరికింది 2019 మార్చిలోనే. ‘అరకు వ్యాలీ అరబికా’కు జీఐ ట్యాగ్ వచ్చిందప్పుడు. కూర్గ్, చిక్కమగళూరు, బాబాబుడన్‌గిరి, వయనాడ్ కాఫీలకూ అదే విడతలో ఇచ్చారు. దరఖాస్తు పెట్టింది కాఫీ బోర్డు.

వలస వచ్చిన పంట

నిజానికి కాఫీ ఈ కొండలకు కొత్త. 1898లో ఎన్.ఎస్. బ్రోడీ అనే ఆంగ్లేయుడు తూర్పుగోదావరి మన్యంలో పాములేరు లోయకు తెచ్చాడు. అక్కడి నుంచి పుల్లంగి, గూడెం మీదుగా విశాఖ మన్యానికి పాకింది. తర్వాత అటవీశాఖ తోటలు వేసింది. 1970ల్లో గిరిజన సహకార సంస్థ రంగంలోకి దిగింది. ఏటా అడవి నరికే పోడుకు బదులు చెట్టు నీడనే పండే పంటంటూ పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) దీన్ని ప్రోత్సహించింది. అలా బగతలు, కొండదొరలు, కోటియాలు, వాల్మీకులు కాఫీ రైతులయ్యారు.

సముద్రమట్టానికి 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తు, చల్లటి రాత్రులు, చెట్ల నీడ. వీటివల్ల పండు నెమ్మదిగా పక్వానికొస్తుంది. నవంబరు నుంచి ఎర్రబడ్డ పండ్లనే ఏరి కోసి, తోలు తీసి, పులియబెట్టి, కడిగి ఎండబెడితే పార్చ్‌మెంట్ గింజ తయారవుతుంది. సేంద్రియ ఎరువులతో గిరిజనులు చేసే ఈ సాగునే జీఐ వివరాల్లోనూ ప్రత్యేకతగా చెప్పారు. నాంది ఫౌండేషన్ అండతో రైతుల సహకార సంఘం పండించిన గింజలతో 2017లోనే ప్యారిస్‌లో ‘అరకు’ దుకాణం తెరుచుకుంది.

పేరు ఎవరి సొత్తు?

ట్రేడ్‌మార్క్ ఒక సంస్థ ఆస్తి. కావాలంటే అమ్ముకోవచ్చు. జీఐ అలా కాదు. ఆ నేల మీద పండించేవాళ్లందరి ఉమ్మడి సొత్తు. దాన్ని ఎవరూ ఎవరికీ అమ్మడానికి వీల్లేదు. 1999 నాటి చట్టం ప్రకారం తప్పుడు జీఐ పేరుతో సరుకు అమ్మితే ఆర్నెల్ల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. ఆ పేరు వాడుకోవాలంటే రైతు చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో ‘అధీకృత వినియోగదారు’గా నమోదు కావాలి. అందుకు రుసుము 2020 నుంచి పది రూపాయలే. అయినా గిరిజన గూడెంలోని ఎకరా రైతుకు భారం ఆ పది రూపాయలు కాదు. ఫారం నింపడం, పత్రాలు చూపించడం, ఆఫీసుల చుట్టూ తిరగడం!

కాగితం లేని తిండి

జీఐ అడగాలంటే పంట పుట్టుకకు ఆధారం, చరిత్ర, సాగు హద్దుల పటం, నాణ్యతకు నేలతో ఉన్న సంబంధం, తనిఖీ ఏర్పాటు అన్నీ చూపించాలి. కాఫీ వెనక బోర్డు ఉంది, పరిశోధన ఉంది, తెల్లవాళ్ల కాలం నుంచీ రికార్డు ఉంది. చోడి అంబలికి సాక్ష్యం అవ్వల మాటే. వలిసె నూనె రుచికి ల్యాబ్ రిపోర్టు ఎవరు రాయించారు? అందుకే నిన్నగాక మొన్న వచ్చిన పంటకు గుర్తింపు దక్కింది, ముందునుంచీ ఉన్నవి వెనకబడ్డాయి.

ఇది కేవలం గౌరవం గొడవ కాదు. ధర పలికే పంట వైపే నేల మళ్లుతుంది. కానీ ఆ పంటా దెబ్బతినొచ్చు. 2025లో అరకు కాఫీ తోటల్లో కాయతొలిచే పురుగు కనిపించి, కాయలు కోసి నాశనం చేయాల్సివచ్చింది. అలాంటి ఏడు ఇంట్లో గాదె నింపేది చోళ్లూ సామలే.

పక్కూళ్లో దారి

చేయలేని పనేం కాదు. సరిహద్దుకు అవతల ఒడిశాలో కంధమాల్ పసుపు 2019లోనే జీఐ సాధించింది. అరకును ఆనుకునే ఉన్న కొరాపుట్ జిల్లా కాలాజీరా బియ్యానికి 2024 జనవరిలో వచ్చింది. ఆ దరఖాస్తు రైతు ఉత్పత్తిదారుల సంస్థే పెట్టుకుంది. కొరాపుట్ సంప్రదాయ సాగును ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) 2012లోనే ప్రపంచ వారసత్వ వ్యవసాయంగా గుర్తించింది.

మన వైపూ చింతపల్లిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. పాడేరులో ఐటీడీఏ ఉంది. అవ్వల దగ్గరున్న విత్తనాల పేర్లు, వాళ్లు చెప్పే సాగు పద్ధతులు రాసిపెట్టించి, గింజను పరీక్షకు పంపడం వాటికి చేతకాని పని కాదు. కొనేవాళ్లూ కాస్త పట్టించుకోవాలి. కాఫీ పొట్లం మీద జీఐ గుర్తుందా, గింజ ఎక్కడిది, చికోరీ ఎంత కలిపారు అని అడగాలి.

కాఫీకి బోర్డు చేసిన పనిని చోళ్లకూ పసుపుకూ ఎవరో ఒకరు చేయాలి. ఈసారి దరఖాస్తు మీద సంతకం పండించేవాళ్లదే అయితే మరీ మంచిది.