వార్తల్లో పదం: రీబ్యాలెన్సింగ్

షేర్ మార్కెట్ బాగా పెరిగినా, పడినా ఆర్థిక సలహాదారుల నోట తరచూ వినిపించే మాట ఇది. ఈక్విటీ, డెట్, బంగారం మధ్య ముందే అనుకున్న వాటాలు మారిపోతే, వాటిని మళ్లీ పాత నిష్పత్తికి తేవడమే పోర్ట్‌ఫోలియో రీబ్యాలెన్సింగ్.

ఉదాహరణకు, రూ.10 లక్షలను 60:30:10 నిష్పత్తిలో పెట్టారనుకుందాం. ఈక్విటీ విలువ 50 శాతం పెరిగి, మిగతావి అలాగే ఉంటే మొత్తం రూ.13 లక్షలవుతుంది. ఈక్విటీ వాటా 69 శాతం దాటుతుంది. అంటే, కోరుకోని రిస్క్ నెత్తిన పడినట్లే. మళ్లీ 60 శాతానికి రావాలంటే రూ.1.20 లక్షల ఈక్విటీ అమ్మి, రూ.90 వేలు డెట్‌కు, రూ.30 వేలు బంగారానికి మళ్లించాలి.

ఏడాదికోసారి చేసుకుంటే చాలు. అయితే అమ్మితే పన్ను ఉంటుంది. 2024 జులై 23 నుంచి, ఏడాది దాటిన ఈక్విటీపై లాభం ఆర్థిక సంవత్సరంలో రూ.1.25 లక్షలు మించితే, ఆపై మొత్తానికి 12.5 శాతం కట్టాలి. అందుకే కొత్త సిప్ సొమ్మును తగ్గిన వాటావైపు మళ్లించడం మేలు.

పెరుగుతున్నదాన్ని అమ్మడానికి మనసొప్పదు. కానీ పిల్లల చదువుకు, రిటైర్మెంట్‌కు దాచుకున్న సొమ్ముకు ఈ క్రమశిక్షణే రక్ష.